మూసిన గదిలో మగ్గం చప్పుడు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా మీద ఒట్టు అంటే మా విజయవాడ పటమటలో నవ్వుతారు కాబట్టి, కొండ మీది అమ్మవారి మీద ఒట్టు పెట్టి రాస్తున్నాను.

నేను దయ్యాల్ని ఎప్పుడూ నమ్మలేదు. నమ్మడానికి వీల్లేదు కూడా. మా మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు గుడ్డ చింపేలోపు కబుర్లలో ఒక దయ్యాన్ని పుట్టించి, బిల్లు కట్టేలోపు దాన్ని తరిమేసే మనిషిని నేను. మిఠాయి కొట్టువాడికి మిఠాయి సయించనట్టే నాకు దయ్యాలంటే భయం పోయింది. అలాంటి నేను నా చెవులతో విన్న సంగతి ఇది.

మా అక్కని పెడన దగ్గర ఒక ఊళ్ళో ఇచ్చాం. బావ నేతపని చేస్తాడు. పెంకుటింటి వెనక వసారాకి గోడలు కట్టి మగ్గం గదిగా చేసుకున్నాడు. అందులో రెండు మగ్గాలు. ఒకటి బావది. రెండోది వాళ్ళ నాన్నది. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయినా దాన్ని విప్పలేదు, పాత దుప్పటి కప్పి ఉంచారు.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. చెమ్మకి మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు దారాలు మెత్తబడి తెగిపోతున్నాయి. శ్రావణానికి చీరలు ఇస్తానని బావ మాట ఇచ్చేశాడు. అందుకని ఇనప కుంపట్లో బొగ్గులు రాజేసి మగ్గం పక్కన పెట్టుకునేవాడు. చీరకి పొగ వాసన పడుతుందని, పెరట్లోనే పొగంతా పోనిచ్చి, బొగ్గులు ఎర్రగా కణకణలాడాకే లోపలికి తెచ్చేవాడు. చెమ్మ రాకుండా తలుపు వేసి, కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కేవాడు. పని మీద అంత శ్రద్ధ.

అప్పటినుంచే ఆ గదిలో చప్పుడు మొదలైంది.

నేను వాళ్ళని చూడ్డానికి వెళ్ళిన మధ్యాహ్నం, బావ నన్ను అక్క దారం కండెలు చుట్టే పీట మీద కూర్చోబెట్టి తన మగ్గం ఆపాడు.

"ఇప్పుడు విను బామ్మర్దీ. మాట్లాడమాక."

"మాట్లాడకుండా ఉండటం నాకెక్కడొచ్చు బావా?"

"అందుకే చెప్తన్నా. అది మా నాన్న మగ్గం దెబ్బ. ఆయనకి ఎడంకాలు పట్టేసేది. రెండు దెబ్బలేసి కాస్త ఆగేవాడు. మళ్ళీ రెండు."

నవ్వుదామనుకున్నాను. కానీ కాసేపటికి నిజంగానే వినపడింది. డబ్ డబ్... డబ్ డబ్... దుప్పటి కప్పిన మగ్గం వైపునుంచే. దుప్పటి మాత్రం కదల్లేదు. కణతలు పగిలిపోయేలా తలనొప్పి, కడుపులో తిప్పు. లేచి బయటికొస్తుంటే కాళ్ళు తేలిపోయాయి.

అక్క వంటింట్లోంచి చూసింది. "ఏరా, మా మావయ్యగారు పలకరించారా? మొహం అట్టా పాలిపోయిందేంటి?"

"తల పగిలిపోతందక్కా."

"నాకూ అంతేరా, ఆ గదిలో కండెలు చుడుతుంటే. వాంతొచ్చేట్టు ఉంటది. ఇక్కడ గాలికి కాసేపు కూర్చో, అదే పోద్ది. ఇదిగో, కాఫీ తాగు."

పోయింది. కాఫీ మహిమ అనుకున్నాం.

బావ మాత్రం తలనొప్పి ఓర్చుకుని ఆ గదిలోనే ఇంకా ఎక్కువసేపు ఉండేవాడు. "నాన్న పక్కన కూర్చుని నేస్తన్నట్టుంది," అనేవాడు.

విజయవాడ తిరిగొచ్చాక ఆ కథని కొట్లో ఎంతమందికి చెప్పానో. దుప్పటి కదిలిందన్నాను. దారం మోసే నాడె దానంతటది పరుగెత్తిందన్నాను. తలనొప్పిని మాత్రం తీసేశాను. దయ్యం కథలో తలనొప్పీ, వాంతీ, కాఫీ ఏం బాగుంటాయి? విన్నవాళ్ళలో మా వీధి డాక్టరమ్మ కూడా ఉన్నారు. "మీరు సినిమాల్లో ఉండాల్సిందండీ," అని నవ్వి, జాకెట్టు గుడ్డ తీసుకుని వెళ్ళిపోయారు.

శ్రావణం ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం జోరుగా వాన. అక్క వంటింట్లో ఉంది. బావ మగ్గం ఆగిన సంగతి ఆ హోరులో తెలియలేదు. ఉన్నట్టుండి పెద్దాయన మగ్గం మోగింది, పెంకులు అదిరేలా. ఏనాడూ ఆ గది దాటి వినపడని చప్పుడు. అక్క గరిటె వదిలేసి పరుగెత్తి తలుపు తీసింది. బావ మగ్గం మీదికి వాలిపోయి ఉన్నాడు. భుజాలు పట్టి వానలోకి ఈడ్చుకొచ్చింది. బందరు ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కళ్ళు తెరిచి బావ అడిగిన మొదటి మాట, "పడుగు తడవలేదుగా?"

ఈసారి డాక్టరమ్మకి ఏదీ కత్తిరించకుండా చెప్పాను.

"ఆ గదిలో కూర్చున్న ముగ్గురికీ తలనొప్పి వచ్చిందా?"

"వచ్చిందండీ."

"బయటికొస్తే తగ్గిందా?"

"తగ్గిందండీ."

"మరి ఆ రోజు నాకు చెప్పలేదేంటండీ?"

కథకి బాగోదని తలనొప్పిని తీసేశానని ఒప్పుకున్నాను.

బొగ్గులు మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే గాలి పుడుతుందని ఆవిడ చెప్పారు. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ పోయి ఎర్రబడ్డ బొగ్గుల్లోంచి కూడా వస్తుంది. మూసిన గదిలో నిండిపోయి, మనిషి రక్తానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. ఒకే చోట ఉన్నవాళ్ళందరికీ తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, మత్తు వచ్చి, బయటికొస్తే తగ్గుతోందంటే ముందు అనుమానించాల్సింది ఆ గాలినే. వెంటనే తలుపులు తెరిచి అందరూ బయటపడాలి, ఆస్పత్రికి వెళ్ళాలి, మళ్ళీ ఆ గదిలో నిప్పు పెట్టకూడదు.

మరి ఆ డబ్ డబ్?

"అది మీ గుండేనండీ. గట్టిగా కొట్టుకుంటే చెవుల్లో అలాగే వినపడుతుంది. రెండు దెబ్బలు, కాస్త విరామం."

ఇప్పుడు నా కొట్లో దయ్యాలు లేవు. వచ్చినవాళ్ళని వేరే సంగతులు అడుగుతుంటాను. బాత్రూములో గ్యాస్ గీజర్ ఉందా? పావురాలొస్తున్నాయని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టారా? బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు వేస్తున్నారా? కరెంటు పోతే షట్టర్ దించి లోపల జనరేటర్ నడుపుతున్నారా? "ఈసారి కొత్త కథ కట్టారే!" అని నవ్వుతారు. ఇది కట్టింది కాదని నమ్మించడానికి నానా తంటాలు పడుతున్నాను.

అందుకే ఇంతవరకూ చదివినవాళ్ళకి ఒకటి ఒప్పుకోవాలి. అమ్మవారి మీద ఒట్టు పెట్టి కూడా ఒకచోట కల్పించాను.

ఆ మధ్యాహ్నం పెద్దాయన మగ్గం మోగలేదు. ఏ చప్పుడూ రాలేదు. అక్క అన్నం వడ్డించి బావని పిలిచింది. వానలో వినపడలేదేమోనని మళ్ళీ పిలిచింది. అన్నం చల్లారుతోందని విసుక్కుంటూ వెళ్ళి తలుపు తీసింది. అప్పటికే బావ ప్రాణం పోయింది. ఆక్సిజనూ, కళ్ళు తెరవడమూ, పడుగు తడవలేదుగా అన్న మాటా అన్నీ నావే. ఈ కథ ఎప్పుడు చెప్పినా అక్కడికొచ్చేసరికి నా నోరు బావని బతికించేస్తుంది.

మిగతాదంతా నిజం. డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైంది. ఒక్కటి మాత్రం ఇప్పటికీ అర్థం కాదు. కొడుకు పక్కన అన్ని రోజులు మగ్గం కొట్టిన పెద్దాయన, ఆ ఒక్క మధ్యాహ్నం వంటింటిదాకా వినపడేలా ఎందుకు కొట్టలేదో.