నాలుగు నారింజ బల్బులు

పోయిన నెల ఒక ఉదయం ఫీనిక్స్ బే రేవులో ఓడ టికెట్ల కౌంటర్ తెరిచి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. "అక్క లెగలేదమ్మా," అంది మా పక్కింటి పెద్దమ్మ చెల్లెలు. క్యూలో ముందున్న పెద్దాయనకి హావ్‌లాక్ దీవికి టికెట్ ఇచ్చి, కౌంటర్‌ని పక్క సీటావిడకి అప్పగించి లేచాను. చిల్లర సరిగ్గా ఇచ్చానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఆస్టినాబాద్‌లో పదేళ్ళుగా మాది పక్కిల్లు. ప్రభుత్వ బడిలో సైన్స్ ల్యాబ్ చూసుకుని రిటైరయ్యారు. డిసెంబరు వచ్చిందంటే ఆవిడ వరండా ఆసుపత్రి ఓపీలా ఉండేది. తెలుగువాళ్ళు, తమిళులు, రాంచీవాళ్ళు, వెలగని సీరియల్ లైట్ల దండలు సంచుల్లో వేసుకుని అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. కొత్తది కొనుక్కుంటే పోయేదానికి ఎందుకీ శ్రమ అని ఎవరైనా అంటే మాత్రం ఆవిడకి ఒళ్ళు మండేది.

దండ చేతికి రాగానే ప్లగ్గు తీసుకుని బొడ్లో దోపుకునేవారు. "ప్లగ్గు నా నడుం కాడుంటే కరెంటు నన్నేటి చేస్తాది?" అనేవారు. ఊడదీసేదీ బిగించేదీ అంతా ప్లగ్గు బొడ్లో ఉన్నప్పుడే. టెస్టర్‌తో చూడాల్సివస్తేనే అది గోడ దాకా వెళ్ళేది, చూడటం కాగానే మళ్ళీ నడుముకే. నాలాంటివాళ్ళం ఒక చివర మొదలుపెట్టి నలభై బల్బులూ తడుముతాం. ఆవిడ సరిగ్గా మధ్యలో టెస్టర్ పెట్టేవారు. అక్కడ వెలిగితే జబ్బు ఈ సగంలో లేదు. మిగిలిన సగంలో మళ్ళీ సగం. టీ చల్లారేలోపు దొరికిపోయేది.

"ఇది దీవి, బేటీ. ఇక్కడ బల్బులు చావవు, చిలుం పడతాయి. సముద్రం గాలి. బస్, అంతే." అలా అంటూనే ఆ బల్బు కాళ్ళకి పట్టిన పచ్చటి చిలుముని అగ్గిపెట్టె పక్క గరుకుకేసి రుద్దేవారు. ఖాళీ అగ్గిపెట్టెలు ఆవిడ ఒక్కటి కూడా పారేయగా నేను చూడలేదు.

ఇంత నేర్పిన మనిషి దగ్గర నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మా దండలో ఏడాదికో బల్బు పోతూ వచ్చింది. పోయినదాన్ని పీకేసి, రెండు తీగలూ మెలిపెట్టి, టేపు చుట్టేసేదాన్ని. లైట్లు ఇంకా బాగా వెలిగేవి. చూశావా, పెద్దమ్మ సాయం లేకుండానే అని లోలోపల మురిసిపోయేదాన్ని. పోయిన డిసెంబరులో ఇంటింటికీ క్రిస్మస్ పాటలు పాడుతూ వచ్చే క్యారల్స్ బృందానికి టీ ఇచ్చే వంతు మొదటిసారి మా ఇంటికి వచ్చింది. ఆ మధ్యాహ్నం దండ వెలగనే లేదు.

పెద్దమ్మ దండంతా వేళ్ళతో తడిమి, నా టేపు ముడులు నాలుగూ లెక్కపెట్టారు.

"నాలుగింటిని దాటేసినావా? ఆటి బరువు మిగతావాటి మీదే కదేటి పడతాది. అందుకే అంత ఎలిగినాయి. ఎన్నాళ్ళు మోస్తాయి?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ ఇంట్లోకి వెళ్ళి నాలుగు నారింజరంగు బల్బులు తెచ్చారు. నా ముడులు కోసి, హోల్డర్లు పెట్టి, నాలుగూ బిగించి, మిగతావాటి చిలుము రుద్ది వెలిగించారు. మీ దండ కట్టలేదేం అని అడిగితే, "దానికి ఈ ఏడు సెలవు," అన్నారు. నమ్మేశాను.

మా వీధిలో క్యారల్స్ వాళ్ళు లైట్లున్న గేటు ముందే ఆగుతారు. చీకటిగా ఉంటే ఎవరూ లేరనుకుని దాటిపోతారు. ఆ సాయంత్రం ఆవిడ ఇల్లు దాటి మా గేటు ముందు ఆగారు. పెద్దమ్మ వచ్చి మా గేటు పట్టుకుని నిలబడి, అందరికంటే గట్టిగా పాడారు. నేను టీ కప్పుల హడావిడిలో ఉన్నాను.

పోయిన వారం ఆవిడ చెల్లెలు, నేను పిన్నీ అని పిలిచే ఆవిడ, ఒక బిస్కెట్ డబ్బా పట్టుకుని వచ్చింది. "అక్క పోయిన ఇల్లని, మనల్ని ఇబ్బంది పెట్టకూడదని ఈ ఏడు కూడా పాటలోళ్ళు దాటెల్లిపోతారు. లైట్లు ఎలిగితే ఆగుతారు. అక్కకి పాటలంటే పానం. చూడమ్మా ఓసారి."

డబ్బా తెరిచాను. లోపల పెద్దమ్మ దండ, అన్నీ నారింజ బల్బులే. మధ్యలో వరసగా నాలుగు ఖాళీ హోల్డర్లు.

అర్థం కావడానికి అంతసేపేం పట్టలేదు. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. పదేళ్ళలో నేను చూసిన గొప్ప మనుషుల్లో ఆవిడే మొదటిది. ఆ మాట ఆవిడతో ఒక్కసారీ అనలేదు.

మా గుమ్మానికి కట్టిన దండ దించి భుజాన వేసుకుని, దాని ప్లగ్గు బొడ్లో దోపుకుని పెద్దమ్మ వరండాకి వెళ్ళి, నాలుగు నారింజ బల్బులూ ఊడదీశాను. ఆవిడ దండలో బిగించి, దాని ప్లగ్గు గోడకి పెట్టాను. వెలగలేదు. మధ్యలో టెస్టర్ పెట్టాను. వెలిగింది. మిగిలిన సగంలో సగం. చివర నుంచి మూడో బల్బు, కాళ్ళ నిండా చిలుము. గోడ నుంచి ప్లగ్గు లాగేసి, అగ్గిపెట్టె కోసం వెతకబోతే పిన్నే అందించింది.

ఆ రోజే చీకటి పడుతుండగా పాటలు దగ్గరయ్యాయి. మా ఇంటి ముందు ఆగలేదు. పెద్దమ్మ వరండా ముందు ఆగారు. పిన్ని కుర్చీలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వాళ్ళ గేటు పట్టుకుని పాడుతున్నాను, రాని చరణాలు కూడా. పాట మధ్యలో నడుముకి ఏదో గుచ్చుకుంటే చూసుకున్నాను. మా దండ ప్లగ్గు ఇంకా నా బొడ్లోనే ఉంది.