ఎనిమిది మాటల్లో రెండు

డెబ్బై ఒకటి నవంబరు చివర్లో, మధ్యాహ్నం పన్నెండింటికి, ట్రక్కు మమ్మల్ని పడమటి సరిహద్దు కొండల్లో దించింది. ఎండ ఉంది, వేడి లేదు. నా వీపు మీద వైర్‌లెస్ సెట్టు, చేతిలో రెండు బ్యాటరీలు, మెడకు మఫ్లరు. బంకరు ఎత్తు నాలుగున్నర అడుగులు. పొడుగువాళ్ళకు అది శిక్ష, నాలాంటి పొట్టివాడికి ఇల్లు. నేను సిగ్నల్స్ మనిషిని. తుపాకీ ఇచ్చారు కానీ దానితో పెద్దగా పని పడలేదు. మాట పంపడం, మాట అందుకోవడం, అంతే నా ఉద్యోగం.

మాకు పని నేర్పిన హవల్దారు ఉత్తరాది మనిషి. నువ్వు పంపితే చేరినట్టు కాదు, అవతలివాడు తిరిగి చెబితేనే చేరినట్టు అనేవాడు. ప్రతి సందేశానికీ ఒక నంబరు ఉంటుంది. ముందు నంబరు చెప్పాలి, తర్వాత ఎన్ని మాటలో చెప్పాలి, ఆ తర్వాతే మాటలు. అవతలివాడు కాగితం మీద అన్ని గీతలు గీసుకుని ఒక్కో గీత మీద ఒక్కో మాట రాస్తాడు. గీత ఖాళీగా మిగిలితే ఆ మాట దారిలో పోయినట్టు. రాసుకున్నది మొత్తం తిరిగి చదవాలి. నిమిషంలో చదవకపోతే మనం మళ్ళీ పంపాలి, అదీ పాత నంబరుతోనే. నంబరు మార్చితే వాడు కొత్త హుకుం అనుకుంటాడు. చదివింది సరిపోతేనే లాగ్‌బుక్కులో టైము వేయాలి. గాలిలో పోయే మాటను నమ్మకూడదనే ఈ తతంగమంతా.

ముందు పోస్టులో సెట్టు మోసేవాడు సామ్యేల్. వాడిది చిట్కుల్, నాది కొండాపూర్ పక్కన పల్లె. అంత దూరం పోయి మనవాడు కలిస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కంపెనీ కమాండరుకు మా భాష తెగ నచ్చింది. శత్రువు విన్నా అర్థం కాదు, తెలుగులోనే పంపుకోండి అన్నాడు. అక్కడే చెడింది. తెలుగు వచ్చేసరికి మాకు ఇల్లు గుర్తొచ్చింది, పద్ధతి మరిచిపోయాం.

"నర్సింలన్నా, నీ గొంతు ఇంటే పటాన్‌చెరు అంగడి యాదికొస్తది" అనేవాడు సెట్టులో.

"గది సరేగని, నేను చెప్పింది మల్ల సదువు."

"ఏం సదువుడే? ఇన్నగద. ఆఁ అంటె అయిపాయె."

నేనూ నవ్వి టైము వేసేవాణ్ణి. హవల్దారు ఒకసారి పక్కన కూర్చుని విన్నాడు. "యే ఆఁ క్యా హై?" అని అడిగాడు. "హా అన్నట్టు సాబ్" అని చెప్పాను. అది సగం నిజం.

డిసెంబరులో ఒకరోజు సామ్యేల్, ఒక నాయక్, ఒక జవాను గస్తీకి వెళ్ళారు. మధ్యాహ్నం రెండింటికల్లా వాళ్ళు తిరుగుదారి పట్టాలి. రెండుంపావుకు మా పరిశీలకుడు బైనాక్యులర్స్‌లో చూసి, శత్రువు మెషిన్‌గన్‌ను నాలా వైపు, అంటే వాళ్ళు తిరిగొచ్చే వాగు వైపు, తిప్పాడని చెప్పాడు. కమాండరు హుకుం ఇచ్చాడు. పదిహేనో నంబరు, ఎనిమిది మాటలు: "నాలా గుండ రావొద్దు. ఎడమ గట్టు పైకెల్లి వాపస్ రాండ్రి."

రెండు నలభైకి సామ్యేల్ సెట్టులో దొరికాడు. చలికి వాడి బ్యాటరీ చచ్చే స్థితిలో ఉంది. నంబరు చెప్పాను, లెక్క చెప్పాను, ఎనిమిది మాటలూ చెప్పాను. గాలి హోరు. దాని వెనక నుంచి ఒక్క "ఆఁ".

మనకు ఆఁ రెండు రకాలు. గొంతు దించితే విన్నానని. గొంతు ఎత్తితే ఏందని, వినబడలేదని. ఎదురుగా ఉంటే పసిపిల్లలు కూడా తేడా పట్టేస్తారు. ఆ సెట్టులో గొంతు లేచిందో దిగిందో తెలియలేదు. నాకు కావలసిందే నేను విన్నాను.

"పహుంచా?" అన్నాడు వెనక నుంచి కమాండరు, చేరిందా అని.

"పహుంచా, సాబ్" అన్నాను. 2.40 అని రాశాను. ఇంకో పోస్టు పిలుస్తోంది, అటు తిరిగాను. తిరిగి చదవమని అడగడానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లు నాకు బరువయ్యాయి.

మూడు దాటాక నాలా వైపు నుంచి మెషిన్‌గన్ మోగింది. నేను లేచి నిలబడబోయాను, తల పైకప్పు దూలానికి తగిలింది. ముగ్గురూ రాలేదు. మర్నాడు పొద్దున తీసుకొచ్చారు.

మీ వైపు వాడే కదా అని సామ్యేల్ సామాను సర్దే పని నాకిచ్చారు. ఎడమ జేబులో వాడి రాతపుస్తకం ఉంది. చివరి పేజీలో పైన 15. కింద ఎనిమిది గీతలు. మొదటి గీత మీద నాలా. రెండో గీత మీద గుండ. తక్కిన ఆరూ ఖాళీ. వాడు సరదాలు మానేసి, ఆ రోజు పద్ధతి ప్రకారమే చేశాడు. ఆ ఒక్క ఆఁతో ఇంకోసారి చెప్పమన్నాడు. సెట్టు చచ్చిపోతే, ఉన్న రెండు మాటలతో దారి ఎంచుకున్నారు. మన భాషలో వద్దు అనేది చివర్న వస్తుంది. అది రాకముందు ఎవరైనా రమ్మన్నారనే అనుకుంటారు.

ఆ పేజీ చింపి చొక్కాలో పెట్టుకున్నాను.

విచారణకు వచ్చిన అధికారి లాగ్‌బుక్కు తెరిచి, సంతకం నీదేనా అన్నాడు. నాదే అన్నాను. సందేశం సరిగా అందింది, గస్తీ ఆపరేటరుదే అజాగ్రత్త అని రాసుకుని వెళ్ళాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వాడికి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు, బతికున్న నేను నోరు విప్పలేదు కాబట్టి. భయమే, ఇంకేం కాదు.

డెబ్బై నాలుగులో వచ్చేశాను. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో టెలిఫోను దగ్గర కూర్చోబెట్టారు. చిట్కుల్‌లో కిరాయి తక్కువ, తోటివాళ్ళంతా అక్కడే ఉండేవాళ్ళు. నేను మాత్రం రోజూ కొండాపూర్ నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. క్యాంటీన్‌లో ఎవడో ఒకడు అడిగేవాడు: "మిలిట్రీ అన్నా, ఎందర్ని సంపినవే?"

"ముగ్గురిని" అనేవాణ్ణి. భుజం తట్టి టీ తెచ్చిచ్చేవాళ్ళు. ఆ టీ తాగేవాణ్ణి కూడా.

రెండేళ్ళు అలా తాగాక, ఒక ఆదివారం చిట్కుల్ వెళ్ళాను. సామ్యేల్ తండ్రి బడిపంతులు. చర్చి నుంచి అప్పుడే వచ్చి, అరుగు మీద పిల్లల కాపీలు దిద్దుతున్నాడు. నా పేరు చెప్పగానే చాప వేశాడు. కొడుకు అజాగ్రత్త వల్లే జరిగిందని సైన్యం నుంచి వచ్చిన ఉత్తరం ఆయనకు కంఠతా వచ్చు.

"మావోడు బడిల గూడ గట్లనే బిడ్డా. డిక్టేషన్ల మాటలు ఇడిసిపెడ్తుండె. ఇంకింత గట్టిగ కొట్టి నేర్పకపోతి. తప్పు నాదే."

ఇంత మంచివాడు నా పాపం నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇక ఆగలేక పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. జరిగింది మొత్తం చెప్పాను, ఆఁ తో సహా. ఆయన తిట్టలేదు. కళ్ళజోడు తుడుచుకుని గీతలు లెక్కపెట్టాడు.

"మూడోది ఏముండె?"

"రావొద్దు."

కొడుకు చేతిరాత పక్కన, మూడో గీత మీద, పెన్సిలుతో రావొద్దు అని గుండ్రంగా రాశాడు. నాలుగోది చెప్పబోయాను. చాలన్నట్టు చెయ్యి ఎత్తాడు. పెన్సిలు మొన ఆ మాట కింద అలాగే ఆనించి కూర్చున్నాడు, చాలాసేపు, కాగితానికి చిల్లు పడేదాకా.