ఒక్క మాట, నూట పదమూడు అర్థాలు

మరమగ్గాల పేట బమ్రోలిలో మగ్గం నడిపే కనకయ్యను "బాగున్నవా?" అని అడగకూడదు. అడిగితే తను బాగున్నాడో లేదో చెప్పడు. 'సెట్' అనే ఇంగ్లీషు మాటకు ఇంకో అర్థం చెబుతాడు. అక్కడితో వదిలినా సంతోషమే. మర్నాడు దారికాచి మరీ అప్పజెప్పించుకుంటాడు.

ఈ బాధ అందరికన్నా ఎక్కువ పడ్డవాడు పక్క మగ్గం వినోద్. మగ్గాల మోతలో మాట వినపడదు, పెదాలు చూసి తెలుసుకోవాలి. కనకయ్య పెదాలు 'సె' అనబోతున్నట్టు కనపడగానే వినోద్ తల తిప్పేసుకునేవాడు. అప్పుడు కనకయ్య లేచొచ్చి, నూలు దుమ్ము పట్టిన కిటికీ అద్దం మీద వేలితో రాసేవాడు.

ఒకరోజు వినోద్ మగ్గం ఆగిపోయింది. పానా ఉన్నది కనకయ్య దగ్గర.

"జర పానా ఇయ్యన్నా!" అని చెవిలో అరిచాడు వినోద్.

"నిన్నటిది చెప్పు, ఇస్త."

"పెరుగు తోడుకునుడు. ఇయ్యి!"

"మొన్నటిది?"

"ఇరిగిన బొక్క అతికిచ్చుడు. నీ కాళ్లు మొక్కుత, ఇయ్యన్నా!"

ఆర్నెల్ల కిందటి దాకా కనకయ్యకు ఈ పిచ్చి లేదు. సిరిసిల్ల నుంచి పని కోసం తనతో పాటు రైలెక్కి ఇక్కడికి వచ్చిన పరమేశ్ మగ్గాలు బాగుచేసే జాబర్. అతను పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఆ నెలలోనే కనకయ్య ఆదివారం సంతలో అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి కొనుక్కొచ్చాడు. దోస్తు మీది దిగులుతో మనిషికి తిక్క పట్టిందని వినోద్ తేల్చేశాడు.

కాలేజీకి వెళ్లే కూతురు రుచిత చదివి చెబుతుంటే, కనకయ్య నోటుబుక్కులో నంబర్లు వేసి రాసుకునేవాడు. ఆ మాట పుట్టుక తెలిసిన రోజు ఆయన్ను పట్టడం ఎవరితరమూ కాలేదు.

"ఇది ఒక్క మాట కాదు తమ్మీ, రెండు! కూసోబెట్టుడు అనేది ఇంగ్లండుదే. గుంపు అనేది లాటిన్ కాడ బయల్దేరి, ఫ్రాన్సుల దిగి, ఆడికెళ్లి వచ్చింది. రెండూ ఒక్క పేరు మీద ఒక్క కిరాయి ఖోలీల ఉంటున్నయి. అచ్చం మన లెక్కనే."

"మరి నీళ్ల కాడ కొట్లాడుకుంటలెవ్వా?" అన్నాడు వినోద్.

ఒకసారి డుమస్ బీచిలో టమాటా భజియాలు తింటూ అందరూ సముద్రంలోకి దిగుతున్న సూర్యుణ్ణి చూస్తుంటే, కనకయ్య వేలు చూపించి "ముప్పై రెండోది" అన్నాడు. భార్య లలితమ్మ తన పొట్లం తీసుకుని వేరే బల్ల మీదికి వెళ్లిపోయింది.

చాయ్ బండి ఓంప్రకాష్‌కు తెలుగు రాదు. అయినా తప్పించుకోలేకపోయాడు. "బైఠానా, జమ్‌నా, డూబ్‌నా" అని కూర్చోబెట్టడం, తోడుకోవడం, మునగడం అన్నీ హిందీలో చాయ్ వడగడుతూ వల్లించేవాడు.

ఒక ఆదివారం పొద్దున కనకయ్య పరమేశ్‌ను భుజానికి ఆనించుకుని ఆ చాయ్ బండి దగ్గరికి నడిపించుకొచ్చాడు. జబ్బు చేశాక పరమేశ్ గల్లీలోకి రావడం అది రెండోసారి. మొదటిసారి ఎవరో నవ్వారని, ఇక గడప దాటనని మొరాయించాడట. ఎందుకు నవ్వారో, అక్కడే నలుగురితో చాయ్ తాగుతున్న వినోద్‌కు తెలియదు.

"ఆవో పరమేశ్ భాయ్! కైసే హో?" అన్నాడు ఓంప్రకాష్.

పరమేశ్ నోరు తెరిచాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు.

"సెట్," అన్నాడు.

మగ్గం సరిచేసినప్పుడల్లా, రోజుకు వందసార్లు అన్న ఆ మాట ఒక్కటే అతని నోట మిగిలిందని వినోద్‌కు అప్పుడు తెలిసింది. పరమేశ్ తలొంచుకుని వెనక్కి తిరగబోయాడు. పట్టు కోసం బండి అంచు పట్టుకున్నాడు.

"బైఠ్‌నా హై! పహలా నంబర్!" అని అరిచాడు ఓంప్రకాష్. గబగబా బల్ల లాగాడు.

పరమేశ్ కూర్చున్నాడు. చేతిగడియారం చూపించి "సెట్" అన్నాడు.

"టైం తప్పిందా? ఇటియ్యన్నా, కలుపుత," అని వినోద్ ముల్లు సరిచేసి ఇచ్చాడు.

ఈసారి పరమేశ్ చెదిరిన జుట్టు తడుముకుంటూ "సెట్" అన్నాడు. అక్కడున్న ముగ్గురు జేబుల్లోంచి దువ్వెనలు తీశారు. పరమేశ్ మూడు దువ్వెనలనూ చూసి ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

వినోద్ కనకయ్య వైపు తిరిగాడు. "గిందుకేనా అన్నా, మమ్ముల ఆర్నెల్లు సతాయించినవ్?"

"వాని నోట్లె ఒక్క మాటనే మిగిలింది. వానికి కొత్తయి నేర్పుడు డాక్టర్లతోనే అయితలేదు. మీకు నేర్పుడే అల్కగ అనిపించింది," అన్నాడు కనకయ్య.

వినోద్‌కు మళ్లీ ఆయన కాళ్లు మొక్కాలనిపించింది, ఈసారి పానా కోసం కాదు.

అంతటితో ఊరుకుంటే ఆయన కనకయ్య ఎందుకవుతాడు? నోటుబుక్కు తీసి, గొంతు సవరించుకున్నాడు. "ఇగ, నూట పదమూడోది ఏందంటే..."

పరమేశ్ చాయ్ గ్లాసు కింద పెట్టి చెయ్యెత్తాడు. "సెట్!" అన్నాడు గట్టిగా.

"యే కౌన్‌సా నంబర్?" అని, అది ఎన్నో నంబరో తెలియక తికమకపడ్డాడు ఓంప్రకాష్.

"నోర్ముయ్యి అంటున్నడు," అన్నాడు వినోద్.

కనకయ్య డిక్షనరీ అంతా తిరగేశాడు. ఆ అర్థం లేదు. పెన్ను తీసి, నూట పదమూడు దగ్గర ఉన్నది కొట్టేసి అదే రాసుకున్నాడు.