గళ్లు నిండిన కాగితం

కార్మిక శాఖ ఆఫీసులో రికార్డు గది గుమాస్తా ముక్కు మీదికి జారే కళ్లద్దాలు ఎగదోసుకుంటూ రోజూ ప్రతి టేబుల్ దగ్గరా బతిమాలేవాడు: "ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే దాచకండి. ఎందులోనైనా తెరుచుకునే ఫార్మాట్‌లో ఇంకో కాపీ ఉంచండి." "వచ్చాడయ్యా ఫార్మాట్ బాబాయ్!" అని నవ్వేవారు. కొన్నేళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడింది. పాత ఫైళ్లు చదవడం ఎవరి తరమూ కాలేదు. ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చి, ఏళ్ల కిందట గని కూలిపోయి చనిపోయిన తన తమ్ముడు, అంతకు వారం ముందు ఆ గని గురించి అక్కడ రాయించిన ఫిర్యాదు కాపీ అడిగింది. ఫైలు తెరిస్తే తెర నిండా అక్షరాల బదులు ఖాళీ గళ్లే. చెవినిల్లు కట్టుకుని పోరినా ఎవరూ వినలేదని అనబోయి గుమాస్తా ఆగాడు. "అక్షరాలు పోయాయమ్మా" అన్నాడు. "వాడి మాటలేగా అవి? ఆ గళ్లే అచ్చుతీసి ఇవ్వండన్నా" అందామె. తీసిచ్చాడు. ఆమె బయట మెట్ల మీద కూర్చుని, వేలితో ఒక్కో గడినీ తడుముతూ చాలాసేపు చూసింది.