మడిచిన కాలివేళ్లు

కొత్త చర్చి క్యాలెండర్ చుట్ట విప్పగానే సిరా వాసన గుప్పుమంది. మొదటి బొమ్మలో ఒకాయన సిలువ ముందు మోకరిల్లి ఏడుస్తున్నాడు. ఎవరైనా ముందు ఆ కన్నీళ్లు చూస్తారు. నేను కాలివేళ్లు చూస్తాను. ఈ పాడు అలవాటు నాకు సుగుణాంటీ అంటించి పోయింది.

ఆమె మాదన్నపేటలో మా పక్కింటావిడ, సండే స్కూల్లో మా టీచరు. ఇలాంటి బొమ్మలు చూపించేటప్పుడు అందులోని మనిషి ముఖాన్ని అరచేత్తో మూసేసేది. “ఏడుపు ఎవరైన గీస్తరు బిడ్డా. పాదం చూడు. నేల మీద పరుచుకుంటే నిజంగ ఒప్పుకున్నట్టు. వేళ్లు మడిచిండంటే లేచి ఉరకనీకి తయారున్నట్టు” అనేది. ఆ తర్వాత మా అనుమానం నుంచి ఒక్క భక్తుడూ తప్పించుకోలేదు.

పెళ్లయ్యాక ఆ చూపు నా కాపురం మీదే పడింది. మా ఆయన జల్‌పల్లి కొత్త ఇళ్లలో టైల్స్ వేస్తాడు. ఇంకొకామెతో వెళ్లిపోయి, కొన్ని నెలలకు తిరిగొచ్చాడు. ఆదివారం ఆరాధనలో అందరి ముందూ మోకరిల్లి, “తప్పయింది, ఇంట్లకు రానియ్యి” అని భోరుమన్నాడు. చర్చంతా ముక్కులు చీదింది. పక్కనున్న ఆంటీ నా మోచెయ్యి పొడిచింది. చూశాను. వేళ్లు మడిచే ఉన్నాయి. రావద్దన్నాను. ఏడుపుకు పడిపోయే రకం కాదని నా మీద నాకే గర్వమేసింది. అప్పటినుంచీ ఒంటరిగానే ఉంటున్నాడట. అదీ అతను చెప్పిందే.

పోయిన ఏడాది, కన్నుమూయడానికి కొన్నాళ్ల ముందు, ఆంటీ మంచం అంచు పట్టుకుని ప్రార్థనకు మోకరిల్లింది. వెనక నిలబడ్డ నాకు ఆమె పాదాలు కనిపించాయి. వేళ్లు మడిచి ఉన్నాయి. ఒళ్లు మండింది.

“ఏంది ఆంటీ, మీరు గూడనా?”

“మోకాళ్లు అరిగినయ్ బిడ్డా. వేళ్లు గిట్ల ఆనించకపోతే మళ్ల లేవలేను.”

“మరి ఆయనవి?”

ఆమె మెల్లగా లేచి మంచం మీద కూర్చుంది. “పొద్దంత మోకాళ్ల మీదనే పని జేస్తడు గద… గప్పుడు నాకు తోచలే” అంది.

ఆమె మీద కోపం ఇంకా పోలేదు, ప్రేమా పోలేదు. ఈ క్యాలెండర్ పొద్దున అతనే గేటుకు తగిలించి వెళ్లాడు. పశ్చాత్తాపమో, కొత్త ఎత్తో తెలియదు. గోడకు మేకు కొట్టి తగిలించాను. ఈసారి కాళ్లను అరచేత్తో మూసి, ముఖమే చూశాను. ఆ కన్నీళ్లు నిజమో కాదో పోల్చుకోవడం నాకెవరూ నేర్పలేదు.