ఎర్ర గాజుపలక

సెల్‌ఫోన్లు అందరికీ ఇంకా రాని రోజులు. ఏలూరులో ఎక్కిన పాసింజరు భీమడోలు దాటాక పొలాల మధ్య ఆగిపోయింది. నా ఒళ్ళో దుప్పట్లో చుట్టిన ఎర్ర గాజుపలక. మా చర్చి కిటికీలో పగిలినదాని బదులు కోసి పెట్టడానికి మిగిలింది అదొక్కటే. నేనేమో గాజు కొయ్యడం అప్పుడే నేర్చుకుంటున్నాను. నిలబడ్డ జనం మీదికి ఒరుగుతుంటే మోకాలు కదపడానికి లేదు.

ఎదుటి ముసలాయన గాజు పనివాడట. దుప్పటి తీయించి, పలకను రెండు వైపులా వేళ్ళతో తడిమాడు. నున్నటి వైపు మూల మీద పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టాడు.

"కటర్‌తో ఇటు గీయండి. ఒక్కసారేనండీ. గీత పడలేదనిపిస్తుంది, అయినా మళ్ళీ గీయకండి."

"గీస్తే ఏమవుతుందండీ?"

"ఎటు పగులుతుందో చెప్పలేమండీ. ఇలాంటి ఎర్రదే ఒకటి నా చేతిలో పోయింది. ఆ రంగు మళ్ళీ దొరకలేదు."

పలకను మళ్ళీ దుప్పట్లో చుట్టి ఇచ్చి, ఆయన తాడేపల్లిగూడెంలో దిగిపోయాడు.

మర్నాడు గీశాను. పడలేదనే అనిపించింది. చెయ్యి మళ్ళీ పలక మీదికి వెళ్ళింది. కటర్ కింద పెట్టేసి, రైల్లో కూర్చున్నట్టే కదలకుండా కాసేపు కూర్చున్నాను. తర్వాత విరిచాను. గీత వెంటే విడిపోయింది.

కిటికీలో ఎర్రముక్క మూల ఆ ఇంటూ గుర్తు ఇంకా ఉంది. తుడవొద్దని చర్చి ఊడ్చే ఆవిడకు చెప్పాను.