డ్యామ్ నీళ్లలో పెద్ద పాము

1981లో నేను ఒక తెలుగు దినపత్రికకు కృష్ణగిరి విలేఖరిగా ఉన్నాను. వార్త రాసి బెంగళూరు బస్సు డ్రైవరు చేతికిస్తే, అక్కడి బస్టాండులో ఆఫీసు మనిషి అందుకొనేవాడు. దీన్ని బస్సు కవరు అనేవాళ్లం.

ఆ ఏడు వానలు వెలిశాక డ్యామ్ నీళ్లలో పెద్ద పాము తిరుగుతోందని వదంతి పుట్టింది. జాలరి మునెప్ప, అతని తమ్ముడు కళ్లారా చూశామన్నారు. ఇద్దరు ప్రత్యక్షసాక్షులుంటే వదంతిని వార్తగా రాయవచ్చన్నది మా డెస్కు నియమం. ఆదివారం సాయంత్రం బస్సుకు పంపమని సబ్ ఎడిటర్ ట్రంకాల్ చేశారు. ఆ ఆదివారమే డ్యామ్ పక్కన ఎత్తు బండల మీద తిప్పుతానని ఇంట్లో మాటిచ్చి ఉన్నాను. మునెప్పను దారి చూపమని అడిగి, రెండు పనులూ కలిపేశాను.

"సెలవని చెప్పి పాముకాడికి పిలుచుకొని పోతాండావా నాయనా?" అంది అమ్మ. అయినా చెప్పులు చేతబట్టుకొని అందరికన్నా ముందు బండ ఎక్కింది ఆవిడే. చిత్రాన్నం మూటతో నా భార్య సరోజ వెనకే ఎక్కింది.

మునెప్ప కొన్నాళ్లుగా తన గుండ్రటి పుట్టిని నీళ్లలోకి దించలేదు. వార్త పేపర్లో పడితే ఈ నీళ్ల చేపలు కొనేవాడే ఉండడని అతని దిగులు. "రాయొద్దని ఎట్ల చెప్పేది సామీ? చూసినాను గదా" అన్నాడు.

బండ కొసకు చేరేసరికి కాళ్ల కింద నిలువుగా లోయ, దాని అడుగున ఎండకు మెరిసే నీళ్లు. గాలి మనుషుల్ని నెట్టేస్తోంది.

"అద్దో, ఆడ!" మునెప్ప అరిచాడు.

నల్లటి పొడవాటి ఆకారం మెలికలు తిరుగుతూ మా వైపే వస్తోంది. నేను పెన్ను తీశాను. సరోజ బండ మీద బోర్లా పడుకొని తొంగిచూసింది.

"ఏమప్పా మునెప్పా, మీ పాముకు తలకాయలెన్ని?"

"ఒకటేనమ్మా."

"నాకు అయిదు కనపడతాండాయి. అయ్యో, ఒకటి మునిగింది!"

ఆ అయిదూ కింది రాళ్లెక్కి, ఒళ్లు విదిలించుకొన్నాయి. నీటికుక్కలు! ఒకదాని వెనక ఒకటి మునిగి తేలుతూ ఈదితే, నీటిమట్టం నుంచి చూసేవాడికి అంతా ఒకే ఒళ్లు.

"పామైతే దండం పెట్టుకొందును. ఈ దొంగముండలు నా చేపలే తింటాండాయి!" అంటూ మునెప్ప పుట్టి దగ్గరికి పరుగు తీశాడు. తిని పొమ్మని అమ్మ ఎంత కేకేసినా ఆగలేదు.

సాయంత్రం బస్సుకు నీటికుక్కల వార్తే పంపాను. లోపలి పేజీలో చిన్నగా వేశారు. అప్పటి నుంచి సాక్షులు ఎందరని అడిగాక, ఎవరెక్కడ నుంచి చూశారని కూడా అడిగేవాణ్ణి. మునెప్ప, అతని తమ్ముడు ఒకే పుట్టిలో కూర్చొని చూశారు. అది రెండు సాక్ష్యాల కింద లెక్క కాదు.